మేయరు మెడలో గొలుసు: వయసెంత, బంగారమెంత, ఎవరి సొత్తు?

మీ ప్రశ్నను ఒకసారి మళ్లీ చెప్పుకుని మొదలుపెడతాను, మధ్యలో వచ్చి చదివేవాళ్లకు కూడా అర్థం కావాలి కదా. మీ మేనత్తగారి అబ్బాయి ఇంగ్లండులో ఒక చిన్న ఊరికి ఈ ఏడాది మేయరయ్యారు. ఎర్ర గౌను మీద ఈ భుజం నుంచి ఆ భుజం దాకా పరుచుకుని, పొట్ట మీదికి వేలాడే బంగారు గొలుసుతో దిగిన ఫొటో ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అప్పటి నుంచి కాచిగూడలో మీ ఇంట్లో ఒకటే వాదన. అది అసలు బంగారమేనా, అయితే ఎన్ని తులాలు? వందల ఏళ్ల నాటిదని ఆయన అంటున్నారు, నిజమేనా? పదవి అయిపోయాక ఆయనకే ఇచ్చేస్తారా? పైగా మీ నాన్నగారు, "మన హైదరాబాద్ మేయరుకు ఇట్లాంటి హంగు ఎప్పుడూ చూడలేదేం?" అని అడిగారన్నారు.

నేను పాత నగలు, పతకాలు, వాచీ గొలుసుల మదింపు పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఇంగ్లీషు సరుకు ఈ ఊళ్లో కొత్తేం కాదు. సికింద్రాబాద్ కంటోన్మెంటు పుణ్యమా అని ఇప్పటికీ ఎవరి ట్రంకుపెట్టెలోంచో ఒకటి బయటికొస్తూనే ఉంటుంది.

ముందు తేలిక ప్రశ్న. గొలుసు ఆయనకు ఇవ్వరు. అది ఆయనది కాదు, కుర్చీది. కౌన్సిలు ఆస్తుల పట్టీలో ఉంటుంది, దానికి బీమా ఉంటుంది. కార్యక్రమం కాగానే మేయరు సహాయకుడు దగ్గరుండి విప్పించి, పెట్టెలో సర్ది తాళం వేస్తాడు. అక్కడ చాలా ఊళ్లలో మేయరు పదవి ఏడాదికే. మే నెలలో వార్షిక సమావేశం పెట్టి, పాత మేయరు మెడలోంచి తీసి కొత్త మేయరుకు వేస్తారు. అసలు పాలన నడిపేది కౌన్సిల్ లీడరు. మేయరుది సభకు అధ్యక్షత, రిబ్బన్ కత్తిరింపులు, బడిపిల్లలకు బహుమతులు. చేతిలో పెత్తనం తక్కువ కాబట్టే మెడలో గుర్తు అంత పెద్దదేమోనని నా అనుమానం. దిగిపోయేటప్పుడు మాజీ మేయరు బ్యాడ్జి అని చిన్న పతకం ఇచ్చే ఆనవాయితీ చాలాచోట్ల ఉంది, అది మాత్రం ఇంటికి తెచ్చుకోవచ్చు. ఇంకో మర్యాద కూడా ఉంది: తన ఊరి హద్దు దాటి పక్క ఊరి కార్యక్రమానికి వెళ్తే, అక్కడి మేయరు సరేనంటే తప్ప గొలుసు వేసుకోరు. కాబట్టి సంక్రాంతికి వచ్చేటప్పుడు అది వేసుకుని రమ్మని మీ అత్తయ్యగారు అడిగితే పాపం మీ బావ ఇరుకున పడతారు.

ఇక వయసు సంగతి. వందల ఏళ్ల నాటిదనే మాట చాలాసార్లు ఊరికి వర్తిస్తుంది, గొలుసుకు కాదు. ఊరికి రాజుగారి చార్టరు, అంటే మీ ఊరి పాలన మీరే చూసుకోవచ్చని రాసిచ్చే హక్కుపత్రం, 13వ శతాబ్దంలోనే వచ్చి ఉండొచ్చు. గొలుసు మాత్రం చాలావరకు విక్టోరియా రాణి కాలంలో, 1850 తర్వాత చేయించిందే అయి ఉంటుంది. దీని వెనక ఒక తమాషా కథ ఉంది.

1835 ముందు ఇంగ్లండులో చాలా ఊళ్ల కార్పొరేషన్ అంటే కొద్దిమంది పెద్దమనుషులు తమలో తామే ఒకరినొకరు ఎన్నుకుంటూ నడుపుకునే గుంపు. ఊరి ఆస్తి మీద వచ్చే రాబడితో విందులు, వెండి గిన్నెలు, ముందు మోసుకెళ్లే వెండి దండాలు. 1835లో వచ్చిన మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం 178 ఊళ్లలో ఆ గుంపుల్ని తీసేసి, పన్ను కట్టేవాళ్లు ఓటేసి ఎన్నుకునే కౌన్సిళ్లను పెట్టింది. కొత్తగా వచ్చినవాళ్లలో మిల్లు యజమానులు, దుకాణదారులు, రాజుగారి చర్చికి బయట ఉన్న క్రైస్తవులు చాలామంది. పాత ఆడంబరమంటే వాళ్లకు ఒళ్లుమంట. ఇవాళ మనవాళ్లు, గుజరాతీలు ఇంతమంది ఉన్న లెస్టర్ ఊళ్లోనే 1836లో దండంతో సహా పాత వెండి సామాను వేలానికి పెట్టేశారు.

ఒక తరం గడిచింది. అదే వర్గం డబ్బు సంపాదించి, గోపురాలున్న టౌన్‌హాళ్లు కట్టుకుంది. రైలొచ్చింది. రైల్లో యువరాజో మంత్రిగారో ప్రారంభోత్సవానికి వస్తారు. వాళ్లకు ఎదురెళ్లే మేయరుది మామూలు నల్ల కోటు, గుంపులో ఎవరు మేయరో తెలియదు. అప్పుడు గొలుసు కావాలనిపించింది! పన్నుల సొమ్ముతో చేయిస్తే ఓటర్లు గోల చేస్తారు, అందుకని చందాలు వేసుకున్నారు, లేదా ఒక కలిగిన మేయరు తన డబ్బుతో చేయించి ఊరికిచ్చాడు. 1887లోనూ 1897లోనూ రాణిగారి జూబిలీలు రావడంతో ఈ ముచ్చట ఊరూరా పాకింది. బర్మింగ్‌హామ్ నగల పేటకు చేతినిండా పని దొరికింది.

అప్పుడే ఒక తెలివైన ఏర్పాటు చేసుకున్నారు. ఒక్కో మేయరు దిగిపోతూ తన పేరు, పదవి చేసిన సంవత్సరం చెక్కించిన బిళ్ల ఒకటి చేయించి గొలుసుకు కలపాలి. అందుకే మీ బావ ఫొటోలో ఒక్కో కట్టూ చిన్న డాలు ఆకారంలో ఉండి దాని మీద ఏదో రాసినట్టు కనిపిస్తోంది. అది అలంకారం కాదు, వరస పట్టీ. ఆ ఏర్పాటు బాగా నడిచిన ఊళ్లలో గొలుసు పొడవు పెరిగీ పెరిగీ రెండు పేటలై, మూడు పేటలై, చివరికి మేయరు మెడ ఒప్పుకోక ఆపేశారు. గౌను భుజాల మీద చిన్న కొక్కేలు గానీ గుండీలు గానీ పెట్టి గొలుసును తగిలించేది కూడా ఈ బరువుకే. లేకపోతే వెనక్కి జారి గొంతుకు పట్టేస్తుంది.

ఇంతకీ గొలుసు వేసుకోవాలన్న ఆలోచన ఆ మిల్లు యజమానులకు ఎక్కడి నుంచి వచ్చింది? లండన్ నుంచి. అక్కడిది మాత్రం నిజంగానే పాతది.

14వ శతాబ్దం చివర్లో ఇంగ్లండు ప్రభువుల దగ్గర కొలువు చేసేవాళ్లు తమ దొర గుర్తున్న పట్టీని భుజాల మీద వేసుకునేవారు. కలెక్టరాఫీసులో ఛాతీకి అడ్డంగా పట్టీ, దాని మీద ఇత్తడి బిళ్లతో నిలబడే బిళ్లబంట్రోతును చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు: ఆ బిళ్ల ఇతనెవరో చెప్పదు, ఎవరి మనిషో చెబుతుంది. మేయరు గొలుసు ముత్తాత అదే. లాంకాస్టర్ ప్రభువు జాన్ ఆఫ్ గాంట్ మనుషులు వేసుకునే పట్టీలో ఎస్ అనే అక్షరం వరసగా ఉండేది. ఆయన కొడుకు 1399లో నాలుగో హెన్రీగా గద్దెనెక్కడంతో ఇంటి గుర్తు కాస్తా రాజముద్ర అయింది. మధ్యలో వాళ్ల ప్రత్యర్థులైన యార్క్ వంశం గద్దెకు వచ్చినప్పుడు ఎస్‌లు పోయి సూర్యుళ్లూ గులాబీలూ వచ్చాయి. 1485లో ఏడో హెన్రీ గెలిచాక ఎస్‌లు తిరిగొచ్చాయి. వాటితో పాటు రెండు వంశాల ఎరుపు, తెలుపు కలిపిన ట్యూడర్ గులాబీ, కోటగుమ్మానికి పైనుంచి దించే ఇనుప జాలీ తలుపు బొమ్మ కూడా చేరాయి. 1533లో ఎనిమిదో హెన్రీ ఒక చట్టమే చేశాడు, నైటు (పేరు ముందు సర్ అని పెట్టుకునే బిరుదు) కంటే తక్కువ హోదా మనిషి ఎస్ పట్టీ వేసుకోరాదని.

దీన్ని దగ్గరగా చూడాలంటే హోల్బీన్ 1527లో వేసిన సర్ థామస్ మోర్ చిత్రం వెతకండి. అసలుది న్యూయార్క్‌లో ఫ్రిక్ సేకరణలో ఉంది. తెరమీద పెద్దది చేసి చూడండి: భుజాల మీద ఎస్‌లు, ఛాతీ దగ్గర రెండు కొసలకూ జాలీ తలుపులు, వాటి కింద వేలాడుతూ గులాబీ. మోర్ మేయరు కాదు, రాజుగారి కొలువులో పెద్ద ఉద్యోగి. పట్టీ చెప్పేదీ అదే.

అదే కాలంలో లండన్‌లో సర్ జాన్ అలెన్ అనే బట్టల వ్యాపారి ఉండేవాడు. 1525లో ఒకసారి, 1535లో మరోసారి మేయరుగా ఎన్నికయ్యాడు. 1540లలో పోతూ పోతూ తన ఎస్ పట్టీని కొడుక్కో మనవడికో కాకుండా, తన తర్వాత వచ్చే మేయర్లందరికీ రాసిచ్చాడు. రాజు మనిషినని చెప్పే నగ ఆ ఒక్క వీలునామాతో ఊరి నగ అయిపోయింది. లండన్ సిటీ లార్డ్ మేయరు ఇవాళ్టికీ ఉత్సవాల్లో వేసుకునేది అదే. 28 ఎస్‌లు, వాటి మధ్య మీనా పని చేసిన గులాబీలు, బంగారు తీగ ముడులు, నడుమ జాలీ తలుపు. 1567లో ఇంకొన్ని కట్లు కలిపి పెంచారు. మొత్తం పొడవు 64 అంగుళాలు, అంటే ఐదడుగుల పైమాటే. కింద వేలాడే వజ్రాల పతకం తర్వాతి కాలంలో చేరింది. అన్నట్టు, టీవీలో కనిపించే లండన్ మేయరు వేరు. ఆ పదవి 2000లో పుట్టింది, దానికీ గొలుసుకూ సంబంధం లేదు.

కుర్చీ సొత్తును సొంతం చేసుకుంటే ఏమవుతుందో డబ్లిన్ కథ చెబుతుంది. అక్కడి మేయరుకు రెండో చార్లెస్ రాజు ఒక ఎస్ పట్టీ ఇచ్చాడు. 1680ల చివర ఐర్లండులో రెండో జేమ్స్‌కూ మూడో విలియమ్‌కూ యుద్ధం. అప్పటి మేయరు మైకేల్ క్రే జేమ్స్ పక్షం. ఆ పక్షం ఓడిపోయింది, క్రేతో పాటు పట్టీ కూడా మాయం. 1698లో విలియమ్ రాజు తన బొమ్మ ఉన్న పతకంతో కొత్త గొలుసు ఇచ్చాడు. అసలు రుచి ఇక్కడుంది: 1841లో ఆ గొలుసు వేసుకున్నది డేనియల్ ఓకానెల్, కేథలిక్కుల హక్కుల కోసం జీవితమంతా కొట్లాడిన మనిషి. విలియమ్ ఏమో కేథలిక్ రాజును ఓడించి వచ్చినవాడు! ఐర్లండు స్వతంత్ర దేశమయ్యాక కూడా గొలుసు మార్చలేదు, డబ్లిన్ మేయరు ఛాతీ మీద విలియమ్ ముఖం ఇప్పటికీ అలాగే ఉంది. అదే మన దగ్గరైతే పేరు మార్చేదాకా నిద్రపోం.

మన దేశానికి ఈ మర్యాద మద్రాసు రేవులో దిగింది. 1687 డిసెంబరులో ఇచ్చిన చార్టరుతో 1688 సెప్టెంబరు 29న మద్రాసు కార్పొరేషన్ మొదలైంది. నథానియల్ హిగిన్సన్ తొలి మేయరు, ఆయనకింద ఆల్డర్‌మెన్ అనే 12 మంది కార్పొరేషన్ పెద్దలు, ఎర్ర గౌన్లు, ముందు వెండి దండాలు. ఆ తర్వాత మేయరు పదవి చాలాకాలం కనుమరుగై 1933లో తిరిగొచ్చింది. రాజా ముత్తయ్య చెట్టియార్ మొదటివారు. చెన్నై మేయరు గౌను, బంగారు గొలుసు వేసుకోవడం మీరు టీవీలో చూసే ఉంటారు. కలకత్తాలో 1924లో చిత్తరంజన్ దాస్, బొంబాయిలో 1931లో బోమన్ బెహ్రామ్ మొదటి మేయర్లు. మూడూ బ్రిటిష్ వాళ్ల ఊళ్లే.

మీ నాన్నగారి ప్రశ్నకు జవాబు కూడా అక్కడే ఉంది. హైదరాబాద్ చార్టరుతో పుట్టిన ఊరు కాదు. ఇక్కడ 1869లో మొదటి సాలార్‌జంగ్ మున్సిపల్ ఏర్పాటు చేసింది వీధులు, దీపాలు, మురుగు చూసుకునే ఒక సర్కారీ శాఖగా. పైన ఉండేది అధికారి, మేయరు కాదు. 1886లో చాదర్‌ఘాట్ వేరే మున్సిపాలిటీ అయింది, 1933లో మళ్లీ కలిసింది. ఎన్నికైన మేయరు 1951లో గానీ రాలేదు. ఆ మొదటి మేయరు మాడపాటి హనుమంతరావు గారు. గ్రంథాలయాలు, నారాయణగూడలో ఆడపిల్లల బడి అంటూ జీవితం గడిపిన మనిషి, అదీ ఖద్దరు రోజుల్లో. విలాయతీ గొలుసు మీద ఆయనకు మోజు ఉంటుందని నేననుకోను. 1962లో తొలి మహిళా మేయరైన రాణీ కుముదినీ దేవి వనపర్తి సంస్థానం వారు, ఆవిడకు కొత్తగా హోదా తెచ్చిపెట్టే నగ అక్కర్లేదు.

కానీ ఇట్లాంటి గొలుసు అసలు హైదరాబాద్ గడప తొక్కలేదనుకోకండి. వచ్చింది, 1861లో. పెద్ద గొడవ కూడా అయింది. 1857 తిరుగుబాటు అణిగాక విక్టోరియా రాణి సంస్థానాధీశుల కోసం స్టార్ ఆఫ్ ఇండియా అనే బిరుదు పెట్టింది. మొదటి జాబితాలోనే అయిదో నిజాం అఫ్జలుద్దౌలా పేరుంది. బిరుదుతో పాటు ఒక పెద్ద గౌను, భుజాల మీద వేసుకునే బంగారు పట్టీ, రాణిగారి ముఖం చెక్కిన పతకం. పట్టీలో వరసగా తామరపూలు, తాటాకు కొమ్మలు, వాటి మధ్య ఎరుపు తెలుపు కలిసిన గులాబీలు. ఎక్కడో విన్నట్టుందా? లండన్ మేయరు పట్టీలో ఉన్న ట్యూడర్ గులాబీయే, చౌమహల్లా గుమ్మం దాకా నడిచొచ్చింది.

నిజాం తరఫున అభ్యంతరాలు చెప్పింది దివాన్ సాలార్‌జంగ్, ఎనిమిదేళ్ల తర్వాత మున్సిపాలిటీ పెట్టిన ఆయనే. మా దేశంలో పరాయి వేషం వేసుకోవడం ఎవరికీ ఇష్టముండదు, గౌను కుదరదన్నారు. మనిషి రూపం ఉన్న పతకం ధరించడం మతానికి ఒప్పదన్నారు. మూడోది నాకు బాగా నచ్చుతుంది: బిరుదు పొందినవాళ్లు పోయాక నగలన్నీ తిరిగి అప్పజెప్పాలని నియమం, దానికి బాండు రాసివ్వాలి. నగ ఇచ్చి రసీదు రాయించుకోవడమేమిటని నిజాం దర్బారుకు తల కొట్టేసినట్టయింది. ఇక్కడ దర్బారులో ఇచ్చేది ఖిల్లత్, అంటే గౌరవంగా కప్పే దుస్తులు. దొర ఒకసారి ఒంటి మీద వేశాడంటే అది పుచ్చుకున్నవాడిది, వాడి పిల్లలది. రెండు లోకాల మధ్య తేడా ఆ బాండు కాగితంలో తేలిపోయింది. చివరికి నిజాం బిరుదు పుచ్చుకున్నాడు గానీ, ఉత్తరాలు చాలానే నడిచాయి.

మన నగల లెక్క వేరని ఇంకో ఉదాహరణ. నిజాం నగలు 1995లో భారత ప్రభుత్వం 218 కోట్లకు కొన్నది; ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగాక. కొనాల్సి వచ్చిందెందుకు? అవి గద్దెవి కాక, కుటుంబం కోసం ఏడో నిజాం పెట్టిన ట్రస్టువి కాబట్టి. మీ బావ గొలుసుకు ఆ పేచీ రాదు.

ఇప్పుడు తులాల సంగతి. ఫొటో చూసి తూకం చెప్పేవాళ్లను నమ్మకండి. ఈ గొలుసుల్లో గట్టి బంగారంవి ఉన్నాయి, అచ్చు కొట్టి లోపల డొల్లగా చేసిన కట్లవి ఉన్నాయి, వెండి మీద బంగారు పూత పూసినవీ బోలెడు. పతకం బంగారం, గొలుసు పూత అయిన జోడీలు కూడా ఉంటాయి. పైగా మన 22 క్యారెట్ల లెక్క అక్కడ పనిచేయదు. 18 క్యారెట్లంటే నూరు గ్రాముల్లో 75 గ్రాములే బంగారం. 1854 నుంచి 15, 12, 9 క్యారెట్లు కూడా చట్టబద్ధం చేశారు. ఒకావిడ తాతగారి వాచీ గొలుసు నా దగ్గరికి తెచ్చారు. ఎవరో గీటురాయి మీద గీసి, మచ్చు పక్కన వెలవెలబోయిందని "గిల్టు" అని తేల్చేశారట. భూతద్దం కింద పెడితే కొక్కెం పక్కన లంగరు బొమ్మ, 15, దాని పక్కన .625 అని గోటి మొన కంటే చిన్న ముద్రలు. పదిహేను క్యారెట్ల నిఖార్సైన బర్మింగ్‌హామ్ బంగారం. 22తో పోలిస్తే వన్నె తక్కువే, కానీ గిల్టు అనడం అన్యాయం.

మీ బావ గొలుసుకూ ఇదే చూడాలి. లంగరు ఉంటే బర్మింగ్‌హామ్‌లో పరీక్షించింది, చిరుతపులి తల ఉంటే లండన్. కిరీటం పక్కన 18 ఉంటే పద్దెనిమిది క్యారెట్లు. 15, .625 ఉంటే 1854కూ 1932కూ మధ్యది, ఎందుకంటే ఆ ఏడాది 15నూ 12నూ ఎత్తేసి 14 పెట్టారు. రాణిగారి తల ముద్ర కనిపిస్తే సుంకం కట్టిన గుర్తు, 1890కి ముందుది. నడుస్తున్న సింహం కనిపిస్తే మాత్రం ఆశ వదులుకోండి. విక్టోరియా కాలపు సరుకు మీద అది వెండి ముద్ర, పైన మెరిసేది పూత. వీటితో పాటు ఒక అక్షరం ఉంటుంది, అది ఏ సంవత్సరమో చెబుతుంది. అక్షరం ఆకారం, దాని చుట్టూ ఉన్న చట్రం రెండూ కలిపి చూడాలి, అదే అక్షరం వేరే చట్రంతో మళ్లీ మళ్లీ వస్తుంది.

ఒక్కో కట్టు ఒక్కో ఏడాది చేరింది కాబట్టి, ఒకే గొలుసులో రెండు మూడు రకాల క్యారెట్లు కలిసి ఉండొచ్చు. ఒక కట్టు ముద్ర చూసి మొత్తానికి లెక్క కట్టకండి. కరిగిస్తే వచ్చే ధర ఎలాగూ దాని విలువ కాదు, బీమా కంపెనీ కూడా అలా లెక్క వేయదు.

మీ బావను మూడు ఫొటోలు అడగండి: పతకం వెనకవైపు, వెనక మెడ దగ్గర కొక్కెం, ముందువైపు అన్నిటికంటే పాత సంవత్సరం ఉన్న కట్టు. పతకం వెనక దాత పేరు, తేదీ చెక్కి ఉండే అవకాశం ఎక్కువ. ఫ్లాష్ ఆపేసి, కిటికీ వెలుగు పక్కనుంచి పడేలా తీయమనండి, లేకపోతే ముద్రలు మెరుపులో కొట్టుకుపోతాయి. గుడ్డతో రుద్ది శుభ్రం చేసి తీస్తానంటే వద్దనండి, మీనా పెచ్చులూడితే ఆ జవాబుదారీ ఆయన మీద పడుతుంది. సహాయకుడి ఎదురుగా, వాళ్ల అనుమతితో తీయడం మంచిది. అవి ఇక్కడ పెడితే ఏ ఊళ్లో, ఏ ఏడాది, ఎన్ని క్యారెట్లన్నది చెబుతాను. తులాలు మాత్రం కౌన్సిలు ఆస్తుల పట్టీలో రాసి ఉంటే ఆయనే చూసి చెప్పాలి.